పౌరసత్వ పాఠం చెప్పిన చలపతిరావు గారు

చలపతిరావు గారు నిద్రలోనే కన్నుమూశారని గత సోమవారం వారి అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అంతకు రెండు రోజుల ముందే అమెరికాలోని షాంటిలీ ఊరి లైబ్రరీలో నా పక్క బల్ల దగ్గర కూర్చుని నవ్విన మనిషి. చాలాసేపు నమ్మలేకపోయాను.

ఆరేళ్లుగా ప్రతి శనివారం మేమిద్దరం అక్కడ తెలుగు పెద్దవాళ్లను సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకు తయారుచేశాం. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. నాది ప్రశ్నలు వరసగా వల్లెవేయించడం. ఆయనది కథ చెప్పడం. నా దగ్గర ముగ్గురుంటే ఆయన దగ్గర పదిహేను మంది. ఎవరు ఎప్పుడు అటు మారారో నా డైరీలో తేదీలతో సహా ఉంది. నా భార్య సుభద్ర పేరూ ఉంది. "మీ దగ్గర నిద్రొస్తోందండీ, ఏం చేయను?" అంది.

ఆయన మొదటి పాఠం ఎప్పుడూ అమెరికా అంతర్యుద్ధానికి ముందు వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు. బానిసత్వం లేని ప్రాంతంలో యజమానితో ఏళ్ల తరబడి ఉండి వచ్చిన ఒక బానిస, స్వేచ్ఛ కోరి దావా వేశాడు. నల్లజాతివాడు బానిస అయినా కాకపోయినా ఈ దేశ పౌరుడు కాలేడు, కనుక ఫెడరల్ కోర్టులో దావా వేసే హక్కే లేదు పొమ్మన్నారు. "యుద్ధమయ్యాక రాజ్యాంగాన్నే మార్చాల్సొచ్చిందమ్మా. మీ మనవడు ఇక్కడ పుట్టగానే సిటిజన్ అయ్యాడంటే అందుకే" అనేవారు చలపతిరావు గారు.

ఒకసారి ఆ బానిస పారిపోయి వచ్చాడని పొరపాటున చెప్పారు. ఆ కేసు గురించి నెలల తరబడి చదివి డైరీలో రాసుకున్నవాణ్ణి నేను. లేచి, అందరూ వినేలా, "తప్పండీ! యజమానితోనే వెళ్లి, తిరిగొచ్చి, దావా వేశాడు" అన్నాను. ఆయన ముఖం చిన్నబోతే చూడాలనిపించింది. ఆయన దణ్ణం పెట్టి, "విన్నారా? మాస్టారు లేకపోతే ఇంతమందికీ అబద్ధం చెప్పేవాణ్ణి" అన్నారు.

మరుసటి శనివారం ఆ దిద్దుబాటే ఆయన పాఠానికి ప్రాణమైంది. "పారిపోవచ్చు కదండీ? పోలేదు. పదకొండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. మీరేమో ఇంటర్వ్యూ తేదీ రెండు వారాలు లేటైతే మీ అబ్బాయిని తిడతారు!" అందరూ నవ్వారు. కామేశ్వరమ్మ గారనే ఆవిడ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేను వెతికి పట్టుకున్న నిజానికి చప్పట్లు ఆయనకు. ఆ రోజు ఇంటికెళ్లి డైరీలో ఏమీ రాయలేకపోయాను.

"అంకుల్, నాన్న క్లాస్ మీరే కంటిన్యూ చేయాలి. కామేశ్వరమ్మ ఆంటీ ఇంటర్వ్యూ నెక్స్ట్ వీకే" అంది చలపతిరావు గారి అమ్మాయి. ఆరేళ్లుగా కోరుకున్న కుర్చీలో మొన్న శనివారం కూర్చున్నాను. తీర్పు గురించి ఒక్క తప్పు లేకుండా చెప్పాను.

కామేశ్వరమ్మ గారు అడిగారు: "ఆ బానిస ఓడిపోయాక ఇంటికెళ్లి భార్యతో ఏమన్నాడండీ?"

డైరీ తిరగేశాను. అందులో లేదు. "చలపతిరావు గారు ఏం చెప్పారమ్మా?" అన్నాను.

"పోయిన వారమే అడిగానండీ. 'నాకు తెలీదమ్మా, మాస్టారిని అడిగి చెప్తాను, ఆయనకి తెలియనిది ఉండదు' అన్నారు."

ఆయన అడగకుండానే వెళ్లిపోయారు. అడిగి ఉంటే నాకూ తెలియదని ఆయన ముందు ఒప్పుకునేవాణ్ణో లేదో. ఆయన మాత్రం ఒప్పుకున్నారు, పదిహేను మంది ఎదుట. ఆ పెద్దమనిషికి నా నమస్సులు.