హదా కొండెక్కిన నీళ్ళ క్యాన్లు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో ఒక్క అక్షరం కూడా నేను కల్పించింది లేదని, ఈ దేశంలో నన్ను ఉండనిస్తున్న ఇకామా కార్డు మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. అబద్ధమైతే వచ్చే ఏడు అది రెన్యూవల్ కాకుండా పోవుగాక. నన్ను ఎరిగినవాళ్ళు ఈపాటికే నవ్వుకుంటూ ఉంటారు. నవ్వుకోనివ్వండి.

అప్పట్లో మేము సౌదీలోనే, జెద్దాలో ఉండేవాళ్ళం. మా నాన్నది ఆఫీసు ఉద్యోగం కాబట్టి అమ్మనూ నన్నూ తెచ్చుకోనిచ్చారు. ఊరి చివర, గ్యారేజీలన్నీ ఒకచోట ఉండే సనాయాలో, మా కడప జిల్లా మనిషే ఒకాయన మెకానిక్కుగా పనిచేసేవాడు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. అమ్మను చెల్లెమ్మా అని పిలిచేవాడు గనుక నాకు మామ అయ్యాడు. మిగతా వారమంతా కనిపించడు గనుక శుక్రవారం మామ అయ్యాడు. ఊళ్ళో ఆయనకు భార్య, ముగ్గురు పిల్లలు. అయినా ఇక్కడ అందరూ ఆయన్ను బ్యాచిలర్ అనే అనేవాళ్ళు. పెళ్ళాం బిడ్డలు పక్కన లేనివాడు ఎవడైనా ఇక్కడ బ్యాచిలరే. హోటల్లో ఫ్యామిలీలు కూర్చునే వైపు అతన్ని రానివ్వరు. మా అమ్మ సంగటి ముద్ద వడ్డిస్తుంటే మామ ఒక్కోసారి తినడం ఆపి వినేవాడు. గాజుల చప్పుడు విని వారమైందమ్మా అనేవాడు.

ఆ ఏడాది ఆయన ఫ్యామిలీ వీసాకు కాగితాలు పెట్టాడు. ఇకామాలో మెకానిక్ అని రాసి ఉన్నవాడికి ఆ వీసా దొరకడం కష్టం. గ్యారేజీ యజమాని తాను మాట్లాడి చూస్తానన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. మామ బండి వెతకడం మొదలుపెట్టాడు. తన వాళ్ళు విమానం దిగేనాటికి బయట ఏడు సీట్ల బండి నిలబడి ఉండాలి, తానే తోలుకుని ఇంటికి తీసుకురావాలి. ఆ దృశ్యం ఆయన కళ్ళలో అప్పటికే ఉంది.

గ్యారేజీలో అమ్మకానికి ఏడు సీట్లవే రెండు పాత బండ్లు ఉన్నాయి. తెల్లది నాలుగు సిలిండర్లది, గేర్లు చేత్తో వేసుకోవాలి. సిమెంటు రంగుది ఆరు సిలిండర్లది, ఆటోమేటిక్. మా నాన్న తెల్లదే కొనమన్నాడు, పెట్రోలు తక్కువ తాగుతుందని. మామ ఒప్పుకోలేదు.

"ఖాళీ బండి ఎవురు తోలినా పోతాది బావా. నా సంసారాన్ని ఎక్కిచ్చి చూడాల."

సంసారం ఇంకా ప్రొద్దుటూరులోనే ఉంది కదా అని నాన్న నవ్వాడు. మామ నవ్వలేదు. ఇంటికి ఉత్తరం రాశాడు. ఆయన భార్య ముగ్గురు పిల్లల్నీ బియ్యం కొట్టుకు తీసుకెళ్ళి, కాటా మీద నిలబెట్టి తూయించి, బరువులు రాసి పంపింది. రెండేళ్ళ కిందట వదిలి వచ్చిన పిల్లలు ఎంత ఎదిగారో మామ ఆ కాగితంలో చూసుకున్నాడు. నడిపిది ఇంతయిందా, ఇంతయిందా అని అన్నం తింటున్నంతసేపూ అన్నాడు. ఆవిడ తన బరువు మాత్రం రాయలేదు. మామ గాల్లో చేతులు పెట్టి అంచనా కట్టబోతుంటే మా అమ్మ ఆపింది.

"పెళ్ళినాటి లెక్క ఎయ్యద్దన్నా. ఇంకో క్యాను పెట్టు."

క్యాను అంటే తాగేనీళ్ళు తెచ్చుకునే ఇరవై లీటర్ల క్యాను. మామ ఆ బరువులకు సరిపోయేట్టు క్యాన్లలో నీళ్ళు నింపి, వాటి మీద నల్ల మార్కరుతో తెలుగులో రాశాడు. పెద్దోడు, నడిపిది, చిన్నది. మూడు క్యాన్లకు కలిపి ఒకటే పేరు, ఇంటామె. అన్నింటినీ వెనక సీట్లలో కూర్చోబెట్టి బెల్టులు బిగించాడు. ముందు సీట్లో నేను. నాకు పదేళ్ళు. కడుపులో తిప్పితే ఎక్కడ తిప్పిందో చెప్పడం నా పని. బండి ఎట్లుందో బిడ్డల కడుపును అడగాలి గానీ తోలేవాణ్ణి కాదనేవాడు మామ.

మొదటి శుక్రవారం తెల్లబండి. జెద్దాలో మిట్ట అనేది లేదు గనుక పొద్దున్నే బయలుదేరి తాయిఫ్‌కు పోయే హదా ఘాట్ రోడ్డు పట్టాం. చదును రోడ్డు మీద బంగారంలా పరిగెత్తింది. ఘాట్ మొదలయ్యేసరికి దాని బతుకు బయటపడింది. మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి మామ చెయ్యి గేరు మీదే ఉండిపోయింది. గేరు మారినప్పుడల్లా క్యాన్లన్నీ ఒక్కసారిగా ముందుకు వంగి లేచేవి, ఎవరికో సలాం చేస్తున్నట్టు. ఐదో మలుపు దగ్గర ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేచింది, ఏసీ ఆపాల్సి వచ్చింది. అక్కడే నాకు కడుపులో తిప్పింది. ఆ కొండల్లో గోడల మీద కోతుల గుంపులు కూర్చుని ఉంటాయి. వాటిలో ఒకటి లేచి కాసేపు మా పక్కన నడిచి, మమ్మల్ని దాటిపోయి, తరువాతి మలుపులో మా కోసం ఆగింది. ఆ కోతిని చూశాక మామ ఇక ఆలోచించలేదు.

"ఏసీ ఆర్పేసి ఎక్కాల్సిన బండి సంసారానికి పనికిరాదు రా అబ్బోడా."

మరుసటి శుక్రవారం సిమెంటు రంగుది. ఏసీ నిండుగా వేసి, అవే క్యాన్లతో ఎక్కాం. ఇంజను గొంతు పెంచకుండా, ఎప్పుడు ఏ గేరులోకి మారిందో తెలియకుండా ఎక్కేసింది. చాలామంది మెకానిక్కుల్లాగే మామకూ ఆటోమేటిక్ అంటే చిన్నచూపు, అది బండి తోలడం రానివాళ్ళకనేవాడు. సగం కొండ ఎక్కేసరికి ఆయన కుడిచేతికి పని లేకుండా పోయింది. కాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపు ఊరికే గేరు మీద పెట్టి తీశాడు. చివరకు తెచ్చి నా తల మీద పెట్టాడు. ఎంత సబ్బు రుద్దినా పోని గ్రీజు వాసన.

"ఇదప్పా ఆటోమేటిక్కు సుకం. ఈ చెయ్యి బిడ్డలకు మిగుల్తాది."

దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి రాకూడదని, గేరును రెండులో ఉంచి ఇంజను చేతనే బండిని ఆపించుకుంటూ దిగాలని చూపించాడు. వెనక ఒక్క క్యాను కదల్లేదు.

కొండ కింద చెక్‌పోస్టు. పోలీసు లోపలికి తొంగిచూశాడు. మామను చూసి, క్యాన్లను చూసి, నా వైపు తిరిగి "ఆయిలా?" అన్నాడు. అరబ్బీలో ఆ మాటకు కుటుంబం అని అర్థం. ఈయన మీ ఇంటి మనిషేనా అని అడుగుతున్నాడన్నమాట. నాకు అరబ్బీ రాదు. నా చెవికి అది అచ్చ తెలుగులో వినిపించింది. మా ఊళ్ళో డీజిలును ఆయిలనే అంటారు. ఈ బండికి పోసేది ఆయిలా అని అడుగుతున్నాడనుకున్నాను. 'లా' అంటే కాదు అని మాత్రం తెలుసు. గర్వంగా జవాబు చెప్పాను.

"లా. పెట్రోల్."

పోలీసు ముఖం మారిపోయింది. మామను కిందికి దింపాడు. మా ఇంటికి ఫోను చేసి నాన్నతో మాట్లాడేదాకా ఎండలో నిలబెట్టాడు. సంగతి తేలాక మళ్ళీ వచ్చి, నీళ్ళకు బెల్టులెందుకని అడిగాడు. మామ ఒక్కొక్క క్యానునూ తట్టి ఇది పెద్ద కొడుకు, ఇది నడిపి కూతురు అని పరిచయం చేశాడు. పోలీసు వంగి అన్నిటినీ చూసి, చిన్నదాని మూత వదులైంది, కారుతోంది, బిగించు అని చెప్పి పంపేశాడు.

ఇంటికి వచ్చేసరికి నాన్న గుమ్మంలో ఉన్నాడు. ఆ నిలబడడం నాకు మంచిగా తోచలేదు. నేను నోరు తెరిచేలోపే మామ చెప్పులు విప్పుతూ పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఈ పొద్దు నీ కొడుకు నన్ను జైల్లో ఏపిచ్చేవోడే బావా! ఆయిలా అంటే, కాదు, పెట్రోలు అన్యాడు!"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న గోడకు ఆనుకుని నవ్వాడు. చేతులు కడుక్కునేదాకా నవ్వులే.

మామ సిమెంటు రంగు బండి కొన్నాడు. నెల తిరక్కముందే వీసా కాగితం వెనక్కి వచ్చింది, కుదరదని. ఆ తర్వాత కూడా ప్రతి శుక్రవారం ఏడు సీట్ల బండిలో ఒక్కడే మా ఇంటికి వచ్చేవాడు. మేడ మీది నుంచి చూస్తే డ్రైవరు సీట్లో ఆయన టోపీ ఒక్కటే కనిపించేది. రెండేళ్ళ తర్వాత ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, ఊరికి వెళ్ళిపోయాడు. ఆయన పిల్లలు ఆ బండిని చూడనే లేదు.

ఇప్పుడు నేను రియాద్‌లో బ్యాచిలర్‌ని. పిల్లల చదువుల కోసం ఇంటావిడ కడపలోనే ఉంది. ఈ సెలవులకు విజిట్ వీసా మీద వస్తున్నారని పోయిన నెల షోరూముకు వెళ్ళాను. చిన్న టర్బో ఇంజను, బెల్టుతో తిరిగే సీవీటీ గేర్‌బాక్సు, వాటిని మించింది లేదన్నాడు అక్కడి కుర్రాడు. ఖాళీగా తోలితే నిజమే అనిపించింది. అప్పుడు షోరూములో ఉన్న ముగ్గురు ఉద్యోగుల్నీ, టీ ఇచ్చే పెద్దాయన్నీ బతిమాలి వెనక ఎక్కించి, ఏసీ నిండుగా వేసి ఫ్లైఓవరు ఎక్కించాను. ఇంజను ముందు అరిచింది, బండి తర్వాత కదిలింది. ఆరు సిలిండర్లు, మామూలు గేర్ల ఆటోమేటిక్ ఉన్నదే తీసుకున్నాను. అందరూ దిగిపోయాక దాన్ని నా గదికి నేనొక్కణ్ణే తోలుకొచ్చాను.

ఇక నా ఒట్టు సంగతి. పై కథలో ఒక కల్పన ఉంది. అది నాది కాదు కాబట్టి ఒట్టు చెల్లుతుందనే అనుకుంటున్నాను. ఆయిలా అంటే ఏమిటో నాకు అప్పటికే తెలుసు. అరబ్బీ రాకపోయినా ప్రతి హోటలు గుమ్మం దగ్గరా ఆ మాట వినేవాణ్ణి. ఆ పోలీసు మామ నల్లటి గోళ్ళ వంక, పేర్లు రాసిన క్యాన్ల వంక చూసి నా ఇస్త్రీ చొక్కా వంక చూసినప్పుడు నాకు సిగ్గేసింది. లా అన్నాను, అంతే. పెట్రోలు మాట నేను అననే లేదు. మామ పక్కనే ఉండి విన్నాడు. చెక్‌పోస్టుకూ మా గుమ్మానికీ మధ్య ఎక్కడో ఆ ఆయిలు కథ అల్లి, నేను దెబ్బలు తినకుండా నాన్న ముందు పెట్టాడు. నలభై దాటినా దాన్ని నా కథగానే చెప్పుకుని నవ్వులు సంపాదించాను.

మొన్న వీడియో కాల్‌లో ఇంటావిడ మా వాడి మీద ఏదో ఫిర్యాదు మొదలుపెట్టింది. వాడు తల దించుకుని నిలబడ్డాడు. వాడు నోరు తెరిచేలోపే నేనొక పెద్ద కోత కోశాను, ఆ వయసులో నేను అంతకు పదింతలు చేశానని. అక్కడందరూ నవ్వారు. వాడొక్కడే నవ్వకుండా తల ఎత్తి నా వంక చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఆ రోజు గుమ్మంలో నేను మామ వంక చూసిందే.