బస్సు పోతదా అని అడిగే మనిషి

పొద్దున ఆర్మూర్ యార్డు ముందు పసుపు లోడు లారీ ఒకటి వచ్చి నా క్యారవాన్ పక్కనే ఆగింది. ఎండు పసుపు దుమ్ము, డీజిల్ కలిసిన ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే ఖాసిం చాచా గుర్తొచ్చాడు. ఆయన చొక్కాలు ఉతికినా అదే వాసన వచ్చేవి.

మా వీధిలో చివరి ఇల్లు చాచాది. ముప్ఫై ఏళ్లు ఇక్కడి పసుపును లారీలో మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు తోలిన మనిషి. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. అబ్బో, అంత అనుమానపు మనిషిని నేనింకా చూడలేదు! మెకానిక్ బిగించిన నట్లు వాడి ముందే మళ్లీ తను బిగించుకునేవాడు. కొండ ఎక్కే ముందు బండి ఆపి దారి అడిగేవాడు, ఆ అడగడంలోనూ అనుమానమే.

"రోడ్డు మంచిగుందా అని అడగొద్దు బిడ్డా. మనోళ్లు లేదనరు. మోటర్ సైకిలోడు గూడ పోతది అంటడు. వాని బండి పోతది, నీది పోతదా? గీ రోడ్డుకు బస్సు పోతదా, ఇయ్యాల పోయిందా, గది అడుగు."

లోపల పడకలుండే ఈ క్యారవాన్ కొన్న కొత్తలో, అద్దెకు తిప్పేముందు మా ఇంటివాళ్లనే ఒకసారి తిప్పుదామని నా భార్య లతనూ పిల్లలిద్దరినీ ఎక్కించుకున్నాను. ఆదిలాబాద్ వైపు కొండల్లో జలపాతం చూడాలని. చాచా పిలవకుండానే వచ్చి ఎక్కాడు. "నీ మీద భరోసా లేదు, నేను గూడ వస్త" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పైగా చుట్టు తిరిగిపోయే పెద్ద రోడ్డే పట్టమన్నాడు. ఆ దారిలో ఆయన పాత దోస్తు దాబా ఉందని నాకు తెలుసు. నిజం చెప్పొద్దూ, ఆ దోస్తు కోసమే మమ్మల్ని చుట్టూ తిప్పుతున్నాడని ఆయన మీదే నాకు అనుమానం పుట్టింది. దాబాలో ఇద్దరూ కౌగిలించుకోవడం చూశాక ఆ అనుమానం గట్టిపడింది కూడా.

తిన్నాక చాచా బండిలో వెనక పడక మీద కునుకు తీశాడు. నేను దర్జాగా ఫోన్ చూపించిన అడ్డదారికి తిప్పేశాను. మలుపులో మోటార్ సైకిల్ మీద ఒకాయన ఎదురొస్తే ఆపి అడిగాను.

"అన్నా, రోడ్డు మంచిగుందా?"

"మస్తుగుంది. పోతది, పో."

నాలుగు మలుపులు దిగామో లేదో, వానకు రోడ్డు సగం విరిగి లోయలో పడి ఉంది. మోటార్ సైకిల్ పట్టేంతే మిగిలింది. బండి తిప్పే చోటు లేదు. హ్యాండ్ బ్రేకు లాగినా బండి మెల్లగా ముందుకే జారుతోంది. నా పెళ్లాం పిల్లలు లోపలే ఉన్నారు. బ్రేకు మీది కాలు వణకడం మొదలైంది.

చాచా లేచి చూశాడు. తిడతాడనుకున్నాను. "లతమ్మా, పిల్లలను తీస్కొని దిగు, మీదికి జర దూరం పో" అని మాత్రం అన్నాడు. నేను బండిని వెనక్కి ఎక్కించాలి. ఆగినప్పుడల్లా ముందు టైరు కింద రాయి పెట్టాలి. ఆ రాయి ఎత్తుకుని చాచా బండికి ఎదురుగా, పల్లంలో నిలబడ్డాడు. బ్రేకు మీంచి నా కాలు లేచిందంటే బండి ఆయన మీద నుంచే పోతుంది. ముందు అద్దంలోంచి ఆయన తెల్లగడ్డం, ఆయన వెనక లోయ.

"పక్కకు జరుగు చాచా!"

"నోరు మూస్కొని తొక్కు!"

గంట పట్టింది. పైకి చేరాక ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాను. దాబా సంగతి, నా పాడు అనుమానం, అంతా చెప్పేసుకున్నాను. మట్టి చేతులతోనే నా నెత్తి మీద ఒకటి ఇచ్చాడు.

"నన్ను నమ్మే నిలబడ్డవా చాచా?"

"నిన్నెవడు నమ్మిండురా? భయపడ్డోని కాలు ఉత్తగనే లేస్తది. ముందర మనిషుంటే లేవదు. గందుకే నిలవడ్డ."

చాచా పోయి రెండేళ్లవుతోంది. కొండదారి దిగేటప్పుడు ఎదర రోడ్డంతా ఖాళీగా ఉన్నా, నా కాలికి మాత్రం అక్కడొక ముసలాయన రాయెత్తుకుని నిలబడే ఉంటాడు.