ఖాళీ వదలని రైటర్ బాబాయి

మా పక్కింటి రైటర్ బాబాయి మొన్న మంగళవారం తెల్లవారుతుండగా పోయారు. నేను దీపం వెలిగిస్తున్నాను. ప్రహరీ అవతలి నుంచి పిన్ని పిలిచింది. "పెద్దమ్మాయ్, ఒక్కసారి రా. మీ బాబాయి లేస్తలేడు." వెళ్లేసరికి ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. మనిషి లేరు.

చుట్టరికం ఏమీ లేదు. ఇరవై ఏళ్ల ఇరుగుపొరుగు. ఆయన హెడ్ కానిస్టేబుల్. పోలీస్ స్టేషన్లో రైటర్ అంటే ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎన్ని గంటలకు అన్నది జనరల్ డైరీలో రాసే మనిషి. ఆ పుస్తకాన్ని వాళ్లు జీడీ అంటారు.

రాసీ రాసీ ఆయనకు ప్రతిదానికీ టైం చెప్పడం అలవాటైంది. గోడ మీద నుంచి మా పూజగది వైపు చూసేవారు.

"ఆరుంబావు. ఇయ్యాల దేవుడికి లేటయింది బిడ్డా."

"దేవుడు మీ లెక్క గడియారం చూడడు బాబాయ్."

"చూడకనే లోకం గిట్లున్నది."

రిటైరయ్యాక ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండరే ఆయన జీడీ. పక్కన దారానికి ఒక పెన్ను. కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, పిన్ని గుడికి ఎన్నింటికి వెళ్లింది, అన్నీ తేదీ గడిలో రాసేవారు. రాయగా మిగిలిన చోట అడ్డంగా ఒక గీత కొట్టేవారు. ఆ గీత స్టేషన్ నుంచి వచ్చిందే. తర్వాత అవసరానికి పనికొస్తాయని జీడీలో రెండు మూడు లైన్లు వదిలిపెట్టమని పైవాళ్లు చెబుతారట. ఈయన వదిలేవారు కాదు. "ఖాళీ ఉంచితే అబద్ధం వచ్చి కూసుంటది" అనేవారు.

ఆ గీత విలువ మాకు మా చిన్న తమ్ముడి వల్ల తెలిసింది. కొన్నేళ్ల కిందట వాడు ట్రాలీ ఆటో నడిపేవాడు. ఒక రైతు బోరు మోటారు పోయింది. అది వీడి ఆటోలోనే వెళ్లిందని ఎవరో చెప్పారు. సోమవారం పొద్దున పాల్వంచ బస్సులు ఆగే చోట ఎస్సై వాణ్ని జీపెక్కించాడు. నేను స్టేషన్‌కు వెళ్లాను. "మీవోడు ఈడ లేడమ్మా, పో" అన్నాడు గుమ్మం దగ్గరి కానిస్టేబుల్. లోపల బల్ల దగ్గర బాబాయి రాసుకుంటున్నారు. తలెత్తి నన్ను చూశారు. మళ్లీ తల దించారు.

బుధవారం మా వాణ్ని అరెస్టు చేసినట్టు చూపించారు. ఆ రోజే పారిపోతూ బండి మీద నుంచి పడ్డాడని, దెబ్బలు అందువల్లేనని రాశారు. ఎడమ చెవిలో కర్ణభేరి పగిలింది. అరికాళ్లు వాచి చెప్పులు పట్టలేదు.

మర్నాడు పిన్ని గోడ మీద నుంచి కరివేపాకు అందించింది. నా ముఖం చూడలేదు. "సోమారం నాటి జీడీ కోర్టుకు తెప్పియ్యమని మీ వకీలుకు చెప్పు. నేను చెప్పిన్నని మాత్రం అనకు."

తెప్పించారు. అందులో ఇలా ఉంది: సోమవారం ఉదయం 11.20. ఎస్సై గారు అనుమానితుణ్ని తెచ్చారు. నడిచి వచ్చాడు. ఒంటిపై గాయాలు లేవు.

దాని కింద అడ్డగీత. గాయాలు లేవన్న ఆ మాటే గాయాలు ఎక్కడ తగిలాయో చెప్పింది.

ఎస్సై మీద శాఖ విచారణ వేసింది. వానకు జీడీ తడిసిందని చెప్పి వేరే పుస్తకం రాయమని బాబాయిని అప్పటికే అడిగారట. రాయలేదు. ఆ రాత పొరపాటని ఆయన ఒక్క మాటంటే చాలు, మా తమ్ముడు జన్మంతా దొంగే. విచారణ ముందు రోజు వాళ్లింటికి వెళ్లాను.

"రేపు ఏం చెప్తరు బాబాయ్?"

"రాసిందే చెప్త."

"లోపల వాణ్ని కొడుతుంటే మీకు వినపడలేదా?"

"వినపడ్డది బిడ్డా. లేచి పోయి తలుపు కొట్టాల్సింది. కొట్టలే. రాసుకుంట కూసున్న. అది గూడ రేపు చెప్త."

"అదెందుకయ్యా చెప్పుడు? నిన్నెవరడిగిండ్రు?" అంది పిన్ని.

"పెద్దమ్మాయి అడిగింది గద."

రెండూ చెప్పారు. తమ్ముడి మీద కేసు పోయింది. ఎస్సైకి ఇంక్రిమెంట్లు ఆపారు. కొన్నాళ్లకు ఇంకో ఊళ్లో అదే కుర్చీలో కూర్చున్నాడు. చూస్తూ ఊరుకున్నందుకు బాబాయిని అడవి లోపలి అవుట్‌పోస్టుకు పంపారు. రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నారు. "నాకు పడ్డది సరిగ్గనే పడ్డది. ఆయనకే తక్కువ పడ్డది" అన్నారు.

రోజూ దీపం దగ్గర నేను కొన్ని పేర్లు తలుచుకుంటాను. ఏడాది పాటు ఆయన పేరు నా నోట రాలేదు. ఆ కాగితం మా వాణ్ని కాపాడింది, నిజమే. తలుపు తట్టి ఉంటే చెవి కూడా మిగిలేదేమో. ఒకసారి సెలవుకు వచ్చి, అడవి తేనె సీసాతో మా ఇంటికి వచ్చారు. తమ్ముడు అరుగు మీద కూర్చున్నాడు. బాబాయి వాడి వెనక నుంచి చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి కూర్చుని, అప్పుడు మాట్లాడారు. ఎప్పుడొచ్చినా అంతే. ఇంట్లోవాళ్లం మేమే మరిచిపోయి వాణ్ని ఎడమ వైపు నుంచి పిలుస్తుంటాం. ఆ సాయంత్రం నుంచి ఆయన పేరు కూడా తలుచుకుంటున్నాను.

మంగళవారం పంతులు గారు వచ్చి, ప్రాణం పోయిన సమయం అడిగారు. నక్షత్రం బాగా లేకపోతే ఇల్లు కొన్ని నెలలు మూసి పెట్టాలి.

"నిద్రల ఉన్నా అయ్యా. నాకెట్ల తెలుస్తది?" అంది పిన్ని. అందరి టైమూ రాసిన మనిషి టైం ఎవరూ చూడలేదు.

తమ్ముడు క్యాలెండర్ దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు గడిలో ఉంది. చదివి వినిపించాడు.

"5.10 లేచిన. ఛాతీల మంట. ఆమెను లేపలే."

"ఇది గూడ రాసిండా!" పిన్ని ఏడుస్తూనే కోప్పడింది. "లేపితే నీ సొమ్మేం పోయేది?"

పంతులు గారు ఆ సమయాన్నే లెక్కలోకి తీసుకుని పంచాంగం తిరగేసి, ఇల్లు వదలనక్కర్లేదన్నారు. పిన్ని గోడకు చేరగిలబడింది.

గడిలో ఆ రాత కింద ఇంకా కొంచెం చోటు ఉంది. తమ్ముడు పెన్ను అందుకుని, ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత కొట్టాడు. వాడు వదిలిన పెన్ను దారానికి కాసేపు ఊగింది.