మ్యాకు విండోసుల తగవులో నేను చెప్పిన తీర్పు

నల్లని రాతిపలక మీద తెల్లని బలపపు గీతయై తొలిసారి నా కంటబడిన వాగ్దేవికి, మా మార్కాపురం చెన్నకేశవస్వామికి నమస్కరించి, స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర ఆషాఢ శుద్ధ పంచమి నాడు నా ముందుకు వచ్చిన ఒక తగవును, అందులో న్యాయాధిపతినైన నా నడవడిని ఏమీ దాచకుండా ఇక్కడ రాస్తున్నాను.

మా మనుమరాలికి పై రాష్ట్రంలో ఒక డిజైన్ కళాశాలలో సీటు వచ్చింది. చేరేనాటికి ప్రతి విద్యార్థి చేతిలో సొంత ల్యాప్‌టాప్ ఉండాలనీ, అది మ్యాక్ అయినా విండోస్ అయినా అభ్యంతరం లేదనీ కళాశాలవారు ఉత్తరం రాశారు. ఆ అభ్యంతరం లేకపోవడమే మా ఇంటికి ఉపద్రవమైంది. ఫలానాది తెమ్మని ఆజ్ఞాపించి ఉంటే తెచ్చి ఊరుకునేవాళ్లం. అమ్మాయి మ్యాక్ కావాలన్నది. ఆమె తండ్రి, అంటే మా అబ్బాయి, విండోస్ చాలునన్నాడు. ఇద్దరూ మూడు రోజులు ఎడమొహం పెడమొహంగా అన్నాలు తిని, పంచమి నాటి ఉదయం నా గదికి వచ్చారు.

"నాయనా, నువ్వే చెప్పు. నువ్వు దేని మీద చెయ్యి పెడితే అదే కొంటాం," అన్నాడు మా వాడు.

నేను నలభై ఏళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మా ఇంటికి వచ్చిన బోరు మోటారును, కుట్టుమిషన్ను, మిక్సీని అన్నింటినీ నేనే ఎంపిక చేశాను. వాటిలో దేని సంగతీ నాకు తెలియదు. కాని పెద్దవాడు చేయి పెట్టిన వస్తువును గురించి ఆ తరువాత ఇంట్లో ఎవరూ సణగకూడదన్నది మా కట్టుబాటు. నా చేతికి ఉన్న విలువ అంతవరకే.

అమ్మాయి నా మంచం అంచున కూర్చుని మెల్లగా అన్నది. "తాతా, ఇప్పుడు కొంటే నాలుగేండ్లు నాకు అదే దిక్కు. రాత్రింబగళ్లు దాంతోనే నా పని. నీకు నచ్చిందని కాదు, నాకు ఏది పనికొస్తదో చూసి చెప్పు."

"అట్లనే తల్లీ," అని మాట ఇచ్చాను.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి విన్నవించాలి. మా నాయన పలకల కార్ఖానాలో రాతిని పొరలు పొరలుగా చీల్చిన మనిషి. ఆయన జ్ఞాపకంగా నేను పదకొండేళ్లు శ్రమపడి పలకను గురించి నాలుగువందల పద్యాల కావ్యం రచించాను. బస్టాండు దగ్గర డీటీపీ చేసే ఒకాయన దానిని తన కంప్యూటరులో ఎక్కించి, నా చేతికి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి, కొన్నాళ్లకు దుకాణం మూసి ఎటో వెళ్లిపోయాడు. కళాశాలలో చేరగానే ఆ పద్యాలకు పుటలు తీర్చి, అట్ట వేసి, పుస్తకంగా చేయడమే తన మొదటి పని అని మనుమరాలు ఎప్పుడో నాకు మాట ఇచ్చింది. ఆ మాట మీదనే నేను బతుకుతున్నానంటే అతిశయోక్తి కాదు.

మరునాడు సలహా కోసం బజారుకు వెళ్లాను. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే సాయిబు ఒకప్పుడు నా విద్యార్థి.

"రెండూ మంచివే సారూ," అన్నాడతను కుర్చీ తుడిచి వేస్తూ. "చెడిపోతే విండోస్ అయితే నేనే ఈడ విప్పుతా. మ్యాక్ అయితే ఒంగోలో విజయవాడో పోవాల. అంతే తేడా. పాప ఏమంటాంది?"

పాప ఏమంటున్నదో చెప్పడానికి బదులు నేను పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాను. అతను దానిని తన కంప్యూటరుకు తగిలించి చూసి నవ్వాడు.

"అబ్బో, పాత డీటీపీ అక్షరాలు! ఇవి విండోస్‌లోనే వస్తాయి సారూ, ఆ పాత ఫాంటు వేస్తే. మ్యాక్‌లో అంతా ఇంగ్లీషు అక్షరాలు చిందరవందర. అయినా ఏం రోజులొచ్చినాయి సారూ! ఛందస్సులో నాకు సున్నా వేసినారు. ఇప్పుడు మీ ఛందస్సంతా నా చేతిలోకి వచ్చింది."

ఆ అక్షరాలను గురించి అతను చెప్పిన మాటలో మూడు ముక్కలు ఉన్నాయి. నేను మొదటిదీ చివరిదీ మాత్రం విని ఇంటికి వచ్చాను. వినిపించని నడిమి ముక్కకు నా చెవుల వయస్సు కారణం కాదు.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో విండోస్ పక్షాన శాస్త్రచర్చ ఆరంభమైంది. పూర్వపక్షమూ నాదే, సిద్ధాంతమూ నాదే. పదిమంది నడిచిన బాట క్షేమకరమన్నాను. ఒకే ఇంట తయారై ఒకే ఇంట మరమ్మతు పొందే వస్తువు విద్యార్థికి వినయం నేర్పదన్నాను. ఈ వాక్యానికి అర్థమేమిటో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

"ఏమయ్యా, ఆ విండోసోళ్లు మనకు ఏమైనా చుట్టాలా? కాఫీ తాగకుండా పొగుడుతాండావు," అన్నది నా భార్య.

అమ్మాయి మాత్రం వాదించలేదు. "సరే తాతా. నా కోసమే చెప్తాండావు గదా," అన్నది. ఆ ఒక్క మాటకు ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అయినా తీర్పు మార్చుకోలేదు.

ఆషాఢంలో మేము మంచి పనులు మొదలుపెట్టం. దుకాణాలవారు ఆ మాసాన్నే కోరి తగ్గింపు ధరల తోరణాలు కడతారు. త్రయోదశి నాడు అమ్మాయి, నా భార్య, నేను బస్సెక్కి ఒంగోలు వెళ్లాం. చల్లని అద్దాల దుకాణంలో ల్యాప్‌టాపులు వరుసగా తెరిచి ఉన్నాయి. వాటిని చూడగానే నాకు కార్ఖానాలో ఆరబెట్టిన పలకలు జ్ఞాపకం వచ్చాయి. పలక మంచిదో కాదో చూపుతో తెలియదు. చూపుడువేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గాలి. గట్టి పలక ఖంగుమంటుంది. లోపల పొర విడినది డబ్బుమంటుంది. మా నాయన నాకు నేర్పిన విద్యలలో నేను మరిచిపోనిది ఇదొక్కటే. కాబట్టి మ్యాక్ మూత మూసి వీపు మీద తట్టాను.

"సార్ సార్! కొట్టొద్దు సార్, డిస్‌ప్లే పీసు!" అంటూ అమ్మే కుర్రవాడు పరుగెత్తి వచ్చాడు.

"కొట్టడం లేదు నాయనా, వింటున్నాను."

అమ్మాయి నాలుగడుగులు దూరం జరిగి, మాకేమీ కానట్లుగా ఫ్రిజ్జుల వైపు చూస్తూ నిలబడింది.

మ్యాక్ ఖంగుమన్నది. పక్కనున్న విండోస్‌ది డబ్బుమన్నది. నేను తల పంకించి, ఇది గంభీరమైన నాదమనీ, లోపల సరుకు దట్టంగా ఉన్నదనీ ప్రకటించాను.

"ఆ సప్పుడు వచ్చిన పలకను మీ నాయన కుప్పలోకి ఇసిరేసేవాడు గదయ్యా," అన్నది నా భార్య.

ఇక లాభం లేదని జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాను. "ఏంది తాతా అది?" అన్నది అమ్మాయి వెనక్కి వస్తూ. "నమూనా," అన్నాను. మ్యాక్‌కు అది దూరే రంధ్రమే లేదని కుర్రవాడు చెప్పాడు. వచ్చిన అతిథికి వాకిలే లేని ఇల్లు చూశారా అని నేను విజయగర్వంతో విండోస్ వైపు వేలు చూపాను. దానిలో పెన్‌డ్రైవ్ ఒదిగింది. కావ్యం తెరుచుకున్నది. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, శాతం గుర్తులు. మధ్యమధ్య ఒక డాలరు.

"వైరస్ ఏమో సార్," అన్నాడు కుర్రవాడు.

నా భార్య కళ్లజోడు సవరించుకుని దగ్గరగా చూసింది. "వైరస్ కాదులే నాయనా, మా ఆయన పద్యాలు. పదకొండేండ్ల నుంచి నాకు ఇట్లనే వినపడతాండాయి."

నేను అక్కడి నుంచే సాయిబుకు ఫోన్ చేశాను. "ఆ పాత ఫాంటు వేస్తేనని చెప్పినా గదా సారూ! కొత్త దాంట్లో అది ఉండదు. నా దగ్గరా లేదు. మీ డీటీపీ ఆయనతోనే పోయింది," అన్నాడతను.

అమ్మాయి తెర వైపు, పెన్‌డ్రైవ్ వైపు, నా వైపు చూసింది. "తాతా, ఇన్ని దినాలు నువ్వు చెప్పిందంతా దీని కోసమా?"

"అవునమ్మా," అన్నాను. "నీకు ఇచ్చిన మాట తప్పినాను."

ఆమె కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. "అడిగితే నేను టైపు చేసి ఇయ్యనా? ఎందులో అయినా కనపడేటట్లు తిరిగి కొడతా. నువ్వు చదువు, నేను కొడతా. దినానికి పది," అన్నది.

తీర్పు చెప్పే అర్హత నాకు పోయిందనీ, ఆమెకు కావలసినది ఆమెనే తీసుకోమనీ చెప్పాను.

"అట్ల కాదు తాతా. నువ్వు చెయ్యి పెట్టకపోతే మా నాయన నాలుగేండ్లూ సణుగుతాడు. నువ్వు ఏమన్నా అనుకో, చెయ్యి మాత్రం పెట్టు."

"నీకు ఏది కావాలి?" అని ఆమెను నేను మొదటిసారి అడిగాను. ఆ వారమంతా అడగలేదని అప్పుడే గుర్తుకు వచ్చింది. రంగులు తాను చూసినవి చూసినట్లే కావాలనీ, కరెంటు తీగ లేకుండా దినమంతా నడవాలనీ, తను నేర్చుకున్న డ్రాయింగు పనంతా స్నేహితురాలి మ్యాక్ మీదనే నేర్చుకున్నదనీ చెప్పింది. మూడూ సూటి కారణాలు. ఒక్కదానిలోనూ నేను లేను.

నేను మ్యాక్ మీద చేయి పెట్టాను. పెట్టినవాణ్ణి అలవాటు కొద్దీ కణుపుతో మరొకసారి తట్టాను. కుర్రవాడు కళ్లు మూసుకున్నాడు.

మధ్యాహ్నాలు నేను నా చేతిరాత ప్రతి చూసి చదివాను, ఆమె టైపు చేసింది. "తాతా, ఈ పద్యం ముందు చెప్పిందే గదా?" అని ఆమె అడిగిన చోటల్లా పరిశీలిస్తే అది ముందు చెప్పిందే. ఆమె వెళ్లిన తరువాత మిగిలినవి ఫోనులో చదివాను.

శ్రావణ శుద్ధ దశమి నాడు అమ్మాయి కళాశాలలో చేరింది. కార్తీక శుద్ధ పంచమి నాటికి టైపు ముగిసింది. నాలుగువందల పద్యాలలో నూట ముప్పై రెండు ఉన్నాయి. తక్కినవి నేనే తీసివేశాను. ల్యాప్‌టాప్ పనిచేస్తున్నది. మా అబ్బాయి ఇంతవరకు సణగలేదు.