ఉత్తరంలో రాయని మాటలు

బహ్రెయిన్ దేశం బుదైయాలో నాతోపాటు ఒకే ఇంట్లో పనిచేసిన అక్క పోయిందని మొన్న ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. తోడబుట్టిన అక్క కాదు. తొంభైల్లో ఆమెది వంట, నాది పిల్లల పని. ఇద్దరిదీ గోదావరి జిల్లానే. ఫోన్ పెట్టేశాక పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం ఇంటివాళ్ళు కునుకు తీస్తే, అక్క వంటింటి వెనక ఖాళీ నూనె డబ్బా మీద కూర్చుని బడిపిల్లల నోటుబుక్కులో ఏదో రాసుకునేది. "పరీక్షలున్నాయా అక్కా?" అని ఏడిపించేదాన్ని.

"మేడమ్ మీద కోపం ఇందులో పెడతన్నానే. లేపోతే కూరలో పడుద్ది," అనేది.

ఇంటికి రాసే ఉత్తరంలో మాత్రం అంతా బాగుందనే ఉండేది. మేమందరం అంతే రాసేవాళ్ళం.

మా నాన్న పోయిన కబురు నాకు కర్మలన్నీ అయిపోయాక ఉత్తరంలో అందింది. ఏడుపు రాలేదు. ఇస్త్రీ చేసిన బట్టలే మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉండిపోయాను. అక్క తన పుస్తకం మధ్యలోంచి నాలుగు కాగితాలు ఊడదీసి ఇచ్చింది.

"ఏం రాయాలక్కా?"

"మీ నాన్నకి ఏం కూర ఇష్టమో రాయి. అక్కడ మొదలెట్టు."

చింతచిగురు రొయ్యలు అని రాశాను. రెండో ముక్క రాయకముందే వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ తర్వాతే నాకు అన్నం సయించింది. దుఃఖం తగ్గలేదు గానీ, దాన్ని పెట్టుకోవడానికి ఒక చోటు దొరికింది.

అలాంటి మనిషికి నేను చేసింది చూడండి. సెలవు మీద ఊరెళ్ళే ఒకాయన మా ఉత్తరాలు పట్టుకెళ్ళడానికి గేటు దగ్గరికొచ్చాడు. ఇంటివాళ్ళ చుట్టాలొచ్చి అక్కకి చేయి ఖాళీ లేదు. "ఉత్తరం పుస్తకంలో ఉందే, కవర్లో పెట్టి ఇచ్చెయ్," అంది. అందులో విడి కాగితాలు రెండున్నాయి. కంగారులో చదవకుండా ఒకటి పెట్టి ఇచ్చేశాను. సాయంత్రం అక్క పుస్తకం తెరిస్తే ఉత్తరం అక్కడే ఉంది. కవర్లో వెళ్ళిపోయింది మాత్రం, నూనె పడి చేయి కాలిన రోజు తనకోసం రాసుకున్న కాగితం: "ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచే దిక్కు లేదు. పిల్లని తలుచుకుంటే ఏడుపాగడం లేదు."

అక్క పుస్తకం మూసి బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. ఆ తర్వాత చాన్నాళ్ళు దాన్ని ముట్టుకోలేదు. నెలన్నరపాటు ఆమె కూరల్లో ఉప్పు కుదరలేదు, మేడమ్ చేత తిట్లు తింది. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఇక అడగలేను కూడా.

తర్వాత జవాబొచ్చింది. పదేళ్ళ కూతురి రాత. "అమ్మా, మేమూ బాగాలేము. నాయనమ్మ రాయొద్దంది కాబట్టి రాయలేదు. నువ్వు ఏడుస్తున్నావని చదివాక, నేనొక్కదాన్నే కాదని తెలిసింది."

అక్క అది రెండుసార్లు చదువుకుని, అన్నాళ్ళకు పుస్తకం తీసింది. రాస్తుంటే కళ్ళనీళ్ళు పడి ఇంకు అలుక్కుపోయింది. తిరగరాయలేదు. ఆ కాగితం చించి నాకే ఇచ్చింది.

"ఇదే పెట్టవే కవర్లో."

తడి ఆరేదాకా ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.