సుబ్బులు పలక పట్టలేదు

పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఇన్నేళ్లుగా ఈ మాట గుండెల మీద బండలా ఉంది. కట్టుకున్నవాడికీ చెప్పలేదు, కన్నబిడ్డలకూ చెప్పలేదు.

తెల్లదొరల కాలం, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. చంద్రగిరిలో మా వీధి అయ్యవారు తన ఇంటి అరుగు మీదే బడి నడిపేవాడు. నాకొచ్చిన ఈ నాలుగు అక్షరాలూ ఆ అరుగు మీద నేర్చుకున్నవే. మా తమ్ముడు మునికి నత్తి. ఒకరోజు ఎక్కం అప్పజెప్పలేక ఆగిపోతే అయ్యవారు వాడికి కోదండం వేశాడు. అంటే దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడాలి. చేతులు జారితే కాళ్ల మీద బెత్తం. పిల్లలందరూ చూస్తుండగా వాడు లాగు తడుపుకున్నాడు. ఆనాటి నుంచి మాట మానేశాడు. నత్తిగా కూడా మాట్లాడలేదు. అమ్మ దిష్టి తీసింది. నాయన మర్నాడే వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కెళ్లి మళ్లీ ఆ అరుగు మీదే కూర్చోబెట్టి వచ్చాడు.

నాకు కడుపు మండిపోయింది. ఆయన్ను నేనేం చేయగలను? ఆయనకో కూతురుంది, సుబ్బులు. ప్రాణమంతా దానిమీదే. వాళ్లమ్మ వంటలో ఉంటే సాయంత్రాలు నేనే దాన్ని చంకనేసుకుని అన్నం తినిపించేదాన్ని. ముద్దకో మాట చొప్పున దాని చెవిలో వేసేదాన్ని. అక్షరాలు మొదలుపెట్టిన రోజే మీ నాయన నిన్నూ ఆ దూలానికి వేలాడదీస్తాడని, ఈ సంగతి ఎవరికైనా చెబితే ఇంకా ముందే వేలాడదీస్తాడని. అది ముద్ద మింగకుండా నా వైపు చూసేది. నాకు హాయిగా ఉండేది. అవును, హాయిగానే.

అక్షరాభ్యాసం నాడు అయ్యవారు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పళ్లెంలో పోసిన బియ్యంలో ఓనమాలు దిద్దించబోయాడు. వేలు పట్టుకోగానే అది కెవ్వుమని అరిచి, బియ్యం తన్నేసి, పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను కరుచుకుంది. నా దగ్గరికే వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడు పలక చూపించినా వణికిపోయేది. తండ్రి దగ్గరికి పోవడమే మానేసింది.

కొన్నాళ్లకు అయ్యవారు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"పాపా, దాన్ని ఎత్తుకుని తిప్పినదానివి. నన్ను సూస్తే యాల అట్ల బెదురుతాదో నీకేమన్నా తెలుసునా?"

"నాకేం తెలుసు అయ్యోరా. మా మునిగాడూ అట్లే ఉండాడు. వాణ్ణి అడిగి సూడండి."

ఆయన తలొంచుకుని వెళ్లిపోయాడు. ఆ ముఖం తలుచుకుంటే ఈనాటికీ నాకు కసి తీరినట్టే ఉంటుంది. ఆయన మీద నాకు జాలి లేదు, రాదు కూడా. మరి సుబ్బులు ఏం చేసింది? పోనీ, నా పగ తీరాక ముని నోట మాట వచ్చిందా? రాలేదు. ఏమైందిరా, భయమేసిందా అని వాణ్ణి అమ్మా నాయనా అడగలేదు. సరే, నేనడిగానా? ఆ సాయంత్రాలన్నీ వాడు ఇంట్లో ఒక్కడే మూల కూర్చుని ఉంటే, అంతా వాడి కోసమే అనుకుంటూ ఇంకొకరి బిడ్డను భయపెట్టడానికి వెళ్లేదాన్ని.

సుబ్బులు ఇప్పుడు మనవళ్లను ఎత్తింది. నన్ను చూస్తే అక్కా అని దగ్గరికొస్తుంది. ఇద్దరం తిరుపతి వెళితే ఏ బస్సు ఎక్కడికి పోతుందో నన్నే అడుగుతుంది. చెబుతాను. నన్ను క్షమించమని ఎవరినీ అడగడం లేదు. ఈ కాగితం తీసుకెళ్లి దాని చేతిలో పెట్టినా దానికి చదవడం రాదు. ఆ సంగతి తెలిసే రాశాను. అయినా చెప్పేశాను, ఊపిరి కొంచెం ఆడుతోంది.