రూబీ కోసం ఉపవాస ప్రార్థన

ఆ రోజుల్లో టీవీలో కనిపించే మనుషుల్ని మేము చూసి ఊరుకునేవాళ్ళం కాదు. వాళ్ళకి వరసలు కలిపేవాళ్ళం, వాళ్ళ కోడళ్ళని తిట్టేవాళ్ళం, వాళ్ళింట్లో పిల్లాడు దగ్గితే మా ఇంట్లో మిరియాల కషాయం మాట ఎత్తేవాళ్ళం. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి ఏడుపు వాళ్ళది. అప్పుడు ఒక్కటే టీవీ, దాని ముందు ఒక్కటే చాప, ఆ చాప మీద అందరం. ఒక మరమనిషి కోసం ఒక చర్చి సంఘమంతా ఒక రోజల్లా అన్నం మానేసిందని చెప్తే, ఇప్పుడు విజయనగరంలో నాతో పనిచేసే టీచర్లు నవ్వి పారేస్తారు. నవ్వితే నవ్వనీ. నేను అక్కడే ఉన్నాను, టీ పళ్ళెం నా చేతిలోనే ఉంది.

అప్పటికి నా డిగ్రీ అయిపోయి, టెక్కలిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. ఉండేది నౌపడలో, పెద్దమ్మ ఇంట్లో. ఉండేదంటే ఉద్యోగం కోసం వచ్చి ఉండడం కాదు. మా అమ్మ పోయాక ఐదేళ్ళ పిల్లనైన నన్ను తెచ్చి పెద్దమ్మ ఒళ్ళో పెట్టేశారు, అప్పట్నించీ నా ఇల్లు అదే. పెద్దమ్మకి పిల్లల్లేరు. పెద్దనాన్నది రైల్వేలో పట్టాల వెంట నడిచి చూసుకునే ఉద్యోగం, కాబట్టి ఆయన ఇంట్లో కంటే పట్టాల మీదే ఎక్కువ. పెద్దమ్మకి లోకమంటే మూడే: నేను, టీవీ, మా బాప్టిస్టు చర్చిలోని స్త్రీల సమాజం. సమాజానికి ఆవిడే అధ్యక్షురాలు. పాట ఎత్తుకోవాలన్నా ఆవిడే, ఎవరింట్లో పురుడు వచ్చినా ముందు వెళ్ళేదీ ఆవిడే. (ఈ మూడింటిలో ఏది ముందని అడిగే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.)

ఆ ఏడాది బుధవారం సాయంత్రం ఏడింటికి ఏదో పరదేశపు సీరియలు తెలుగు మాటలు పెట్టి వేసేవారు. మనుషులు వేరే గ్రహం మీదకి పోయి ఇళ్ళు కట్టుకుంటారు. అక్కడ తల్లి లేని ముగ్గురు పిల్లలు. వాళ్ళని సాకడానికి ఒక కంపెనీ పంపిన మర అమ్మాయి, పేరు రూబీ. చూడ్డానికి అచ్చం మనిషే, కాకపోతే మెడ వెనక చిన్న మీట ఉంటుంది. వండుతుంది, పాఠాలు చెప్తుంది, రాత్రి నిద్రపోకుండా పిల్లల మంచం పక్కన నిలబడుతుంది. మొదటి వారం పెద్దమ్మ "ఇదేటి దెయ్యంలాగ నిలబడ్డాది" అంది. మూడో వారానికి "పాపం, దానికి కుర్చీ అయినా ఎయ్యరేటి" అనడం మొదలుపెట్టింది.

అక్కణ్ణించి నాకు ప్రశ్నలే ప్రశ్నలు. ఇంట్లో సైన్సు టీచరుంటే ఊరుకుంటారా?

"ఏటే బుజ్జీ, దానికి ఆకలెయ్యదు కదా?"

"వెయ్యదు పెద్దమ్మా. అది యంత్రం."

"మరి సిన్నోడు అన్నం తిననంటే దాని మొకం అలాగైపోయిందేటి?"

"అలా పెట్టమని ముందే నేర్పి ఉంచారు. లోపల తీగలూ అవీ ఉంటాయి కదా."

"ఎవులు నేర్పేరు?"

"కంపెనీవాళ్ళు."

"కంపెనీవోళ్ళకేటి తెలుసే, గుంటడు కూడు తినకపోతే ఎలాగుంటాదో!"

నేర్పితే వచ్చింది సొంతం కాదు పెద్దమ్మా అని నేను ఏదో పెద్ద పాయింటు లాగబోయాను. పెద్దమ్మ తోటకూర తుంచుతూనే, "నీకు మాత్రం పుట్టుకతో వచ్చేయేటి? అయ్యగారికి వందనాలు సెప్పవే అని నేను తోస్తే సెప్పీదానివి. ఇప్పుడు నువ్వే సెప్తన్నావు. అది సొంతం కాదేటి?" అంది. నేను బడికి బయల్దేరాను. బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన. కొత్త ఉద్యోగం, కొత్త చీర, చేతిలో పాఠం పుస్తకం, బుర్రలో మాత్రం రూబీ.

సీరియలు చివరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. రూబీలాంటి పాత మరమనుషులందర్నీ కంపెనీ వెనక్కి తీసుకుపోయి కొలిమిలో కరిగించేస్తుందట. పిల్లలు ఏడుస్తున్నారు, తండ్రి తలుపు వేసుకున్నాడు, రూబీ మాత్రం జ్వరంతో పడుకున్న చిన్నవాడి పక్కన నిలబడి వాడి చొక్కాకి గుండీ కుడుతోంది. ఆఖరి భాగం వచ్చే బుధవారం. ఆ రాత్రి పెద్దమ్మ కంచం ముందు కూర్చుని లేచిపోయింది.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగే వేళ వచ్చింది. మా దగ్గర అదొక పద్ధతి. ఎవరికి కష్టముంటే వాళ్ళు లేచి రెండు ముక్కల్లో చెప్పుకుంటారు, అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. ఒకావిడ మోకాళ్ళ నొప్పులు చెప్పింది, ఒకాయన కొడుకు పరీక్ష చెప్పాడు. నా పక్కన కూర్చున్న పెద్దమ్మ కొంగు సర్దుకుని లేచింది. సమాజం లెక్క ఏదో చెప్తుందనుకున్నాను.

"మా రూబీ కోసం ప్రార్థన సెయ్యండి. తల్లిలేని పిల్లల్ని ముగ్గుర్ని సాకినాది. ఇప్పుడు కంపెనీవోళ్ళు బుధవారం తీసికెళ్ళిపోతారట, ఇంక బతకనియ్యరట. దానికి ఎవులూ నేరు, మనమే." కళ్ళు తుడుచుకుని కూర్చుంది.

మా వైపు చర్చి కుటుంబాల్లో రూబీ అన్న పేరు ఇంటికొకరికి ఉంటుంది, ఆ రోజు మా వరసలోనే ఇద్దరు కూర్చుని ఉన్నారు. జనమంతా మా చుట్టాల పిల్ల ఎవరో అనుకుని అయ్యో అయ్యో అంటున్నారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాయన. ఆయన కూడా కదిలిపోయి, బుధవారం సంఘమంతా ఉపవాసం ఉందాం, సాయంత్రం అమ్మగారింట్లోనే ప్రార్థన కూటం పెట్టుకుందాం అని ప్రకటించేశారు. "ఏడు గంటలకే రండయ్యా, ఆలీసం సెయ్యొద్దు" అంది పెద్దమ్మ. ఆ మాటకి ఆమెన్ తాత తల ఊపాడు. (ప్రార్థన పూర్తికాక ముందే అందరికంటే గట్టిగా ఆమెన్ అనేస్తాడని మేము పెట్టిన పేరు. సంఘంలో పెద్ద, ఆయన మాటంటే మాటే.)

ఇంటికి రాగానే నేను మొత్తుకున్నాను. "పెద్దమ్మా, వాళ్ళంతా నిజం మనిషనుకుంటున్నారు!"

"ఎందుకనుకుంటారే? రూబీ అంటే తెలీనోళ్ళెవులు ఊర్లో?"

"చర్చి వాళ్ళు సీరియళ్ళు చూడరు కదా. తాత మొన్ననేగా తిట్టాడు."

"తాత తిట్టినాడని సూడ్డం మానేస్తారేటి? నువ్వూ, నీ సదువూ!" అని పప్పు కడగడానికి వెళ్ళిపోయింది.

సోమవారానికి ఊరంతా రూబీయే. ఒకరు కిడ్నీ అన్నారు, ఒకరు గల్ఫులో పాస్‌పోర్టు లాక్కున్నారన్నారు. ఉప్పుమడుల్లో పనికెళ్ళే ఒకావిడ నన్ను బస్టాండులో ఆపి, "ఏ కంపెనీయే అమ్మా, మా కంపెనీయా?" అని భయంగా అడిగింది. కాదమ్మా, చాలా దూరం కంపెనీ అన్నాను. అది మాత్రం నిజమే. ఎవరికైనా అసలు సంగతి చెప్దామని నోరు తెరిస్తే, చెప్పగానే పెద్దమ్మని చూసి నవ్వుతారే అని మళ్ళీ మూసుకున్నాను. స్త్రీల సమాజం ఆవిడకి ఊపిరి. అందులో నవ్వులపాలైతే ఇంక చర్చి గడప తొక్కదు, నాకు తెలుసు. బుధవారం పెద్దనాన్న డ్యూటీ నుంచి వచ్చి చల్లారిన పొయ్యి వంక చూసి, "రూబీకి ప్రార్థన సరే, నాకు కూడో?" అని అడిగి, స్టేషను దగ్గర ఇడ్లీకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం జనం వచ్చారు. చాపలు చాలక వాకిట్లో కూడా కూర్చున్నారు. చేతుల్లో అరటిపళ్ళు, బన్నులు, రోగికని ఎవరో హార్లిక్సు సీసా. పెద్దమ్మ టీవీ మీద ఉతికిన తెల్ల గుడ్డ కప్పి, పక్కన బైబిలు పెట్టింది. అందరూ కుదురుకున్నాక అయ్యగారు మెల్లగా, "బిడ్డ ఏదమ్మా? లోపల పడుకుందా?" అన్నారు.

"వచ్చేస్తాదయ్యా. ఏడింటికి" అని పెద్దమ్మ గుడ్డ తీసి టీవీ పెట్టింది.

సబ్బు ప్రకటన వస్తోంది. అది అయిపోయేదాకా ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత తెర మీద ఎర్రటి ఆకాశం, దాని కింద గుండీ కుడుతూ రూబీ. "అదిగో, పాపం, సిక్కిపోలేదూ?" అంది పెద్దమ్మ.

ఆమెన్ తాత లేచి నిలబడ్డాడు. పొద్దుట్నించీ మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, కోపం రాకేం చేస్తుంది? "టీవీ బొమ్మకి ఉపాసం సేయించేవా మాసేత? సంఘాన్ని ఆట పట్టిస్తన్నావా? ఆదివారం అందరి ముందూ తప్పొప్పుకో. సమాజం పెద్దరికం ఇంకెవులికైనా ఇద్దారి" అన్నాడు. పెద్దమ్మ మొహం పాలిపోయింది. నిజంగానే ఆవిడకి అర్థం కాలేదు, వీళ్ళకెందుకు కోపమొచ్చిందో. ఉపవాసం విడిచాక ఇద్దామని టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాకు నేల చీలితే బాగుణ్ణనిపించింది.

అప్పుడు వెనకనించి పాస్టరమ్మగారి గొంతు వినబడింది. "ఇంతకీ ఆ చిన్నాడికి జ్వరం తగ్గిందా, లేదా?" అయ్యగారు గిర్రున తిరిగి భార్య వంక చూశారు. ఆవిడ నాలిక కరుచుకుంది. "కిందటివారం నూట మూడుంది కదండీ" అని ఇంకెవరో అనేశారు. తలలు ఒక్కొక్కటే వంగాయి. సంఘంలో సగంమంది రూబీని ఎరుగుదురు, కానీ తాము ఎరిగిన రూబీయే ఈ రూబీ అనుకోలేదంతే.

తాత మాత్రం తగ్గలేదు. "ఎరిగితే ఏటి? అది మర. దేవుడు సేసినాది కాదు, మనిషి సేసినాది. ఆత్మ నేదు. ఆ పిల్లలకి కన్నతల్లా ఏటి అది, ఏడవడానికి?"

పెద్దమ్మ ఎన్నడూ పెద్దలకి ఎదురు చెప్పలేదు. చెయ్యెత్తి నన్ను చూపించింది. "దీన్ని నేను కన్నానా తాతా? తెచ్చి నా ఒళ్ళో పెట్టేరు. అన్నం పెట్టేను. జొరమొస్తే రాత్రంతా పక్కన నిలబడ్డాను. అప్పుడు మీరే కదా దీని తల మీద సెయ్యేసి, ఇది నీ కూతురేనమ్మా అని ప్రార్థన సేసేరు? కన్నావా అని అడగనేదు కదా? మరి దాన్నెందుకు అడుగుతన్నారు?"

నేను ఏడ్చేశాను. సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి, పళ్ళెంలో గ్లాసులు గలగలలాడేటట్టు ఏడ్చేశాను. నేను ఆవిడ కూతుర్నే అని నాకెప్పుడూ అనుమానం లేదు, కానీ అంతమంది ముందు, అంత పెద్ద గొంతుతో, ఎవరూ చెప్పలేదు. తాత నా వంక చూశాడు, పెద్దమ్మ వంక చూశాడు, నెమ్మదిగా చాప మీద కూర్చున్నాడు.

అయ్యగారు టీవీకి దగ్గరగా జరిగారు. "అమ్మా, తనని తయారు చేశారని రూబీకి తెలుసా?" అని అడిగారు. తెలుసయ్యా అంది పెద్దమ్మ. "తెలిసీ పిల్లల్ని చూసుకుంటోందా?" అని మళ్ళీ తెర వంక చూసి, "మేం చదివిన చదువులో ఈ పాఠం లేదు" అన్నారు. అందరం చూస్తున్నాం. కంపెనీ బండి వచ్చింది. రూబీ చొక్కా మడత పెట్టి మంచం మీద ఉంచింది. పిల్లలు ఆమె చెయ్యి వదలడంలేదు. బండి కొలిమి దగ్గరికి చేరింది, కొలిమి తలుపు తెరిచారు. ఆమె గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది, ఏదో చెప్పడానికి నోరు తెరిచింది.

కరెంటు పోయింది.

"ఓలమ్మో! తలుపు మూసేసేరా నేదా?" చీకట్లో అందరికంటే ముందు అరిచింది ఆమెన్ తాత. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఎవరికీ. పెద్దనాన్న లాంతరు తెచ్చేలోపే తాత మోకాళ్ళ మీద పడి ప్రార్థన మొదలుపెట్టేశాడు. "ప్రభువా, ఆ గుంట ఎవులు సేసినాదైనా, నీకు తెలుసు..." అంటూ చాలాసేపు చేశాడు. ఆ రోజు ఆమెన్ మేమంతా అన్నాము, ఆయన మాత్రం కండువాతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు. తర్వాత అరటిపళ్ళూ బన్నులూ పంచుకుని ఉపవాసం విడిచాం. హార్లిక్సు పాలల్లో కలిపి పెద్దమ్మ తాతకే ఇచ్చింది. పెద్దరికం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ ఆఖరి భాగం ఎవరికీ దొరకలేదు, టీవీ వాళ్ళు మళ్ళీ వెయ్యలేదు.

పోయిన వేసవి సెలవుల్లో నౌపడ వెళ్ళినప్పుడు పెద్దమ్మ వసారాలో బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి అడిగింది. "ఒసే బుజ్జీ, రూబీ ఏటైందో ఆ ఫోన్లో సూడవే." నేను చూశాను. వెతకగా వెతకగా ఎక్కడో నాలుగు వాక్యాలు దొరికాయి. రూబీ వెనక్కి తిరిగి, చిన్నవాడికి పాలు వెచ్చచేసి ఇవ్వండి అని చెప్పి లోపలికి వెళ్ళిపోయిందట. తలుపు మూసేశారట. అంతే కథ.

"బతికే ఉంది పెద్దమ్మా" అన్నాను. "ఆ పిల్లలు దాచేశారట. కంపెనీ వాళ్ళు వెతికి వెతికి వెళ్ళిపోయారట." అక్కడితో ఆగొచ్చు కదా, ఆగలేదు. "తర్వాత పెళ్ళి కూడా చేసుకుందట."

పెద్దమ్మ చేట దించి నన్ను ఎగాదిగా చూసింది. "మరకి పెళ్ళేటే? సైన్సు టీచరువి కాదేటి నువ్వు!" అని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, నా ముక్కు మీద వేలు పెట్టింది. "అబద్దం సెప్పినప్పుడల్లా ఇది ఎర్రబడిపోతాది. ఐదేళ్ళప్పట్నించీ సూస్తన్నాను కదా." కాసేపు వేళ్ళతో బియ్యం కదిపింది. "సరేలే. బతికే ఉన్నాదనుకుందారి."

అవును పెద్దమ్మా అన్నాను. ఇరవై దాటిన వయసులో, తీగలూ బ్యాటరీలూ అంటూ ఆవిడకి పాఠం చెప్పబోయిన ఆ కొత్త చీర టీచరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. చేటకి ఈ చివర కూర్చుని నేనూ బియ్యం ఏరడం మొదలుపెట్టాను.